ఇనుప పలక మీద చెయ్యి

నేను పావడా కట్టుకుని తిరిగే రోజుల్లో... శనివారం సాయంత్రమైతే చాలు, మా నాయన షెడ్డంతా ఆముదం వాసన.

కోట టౌను నుంచి సముద్రం వైపు పోతే మా ఊరు. నాయన పడవల ఇంజన్లు, చేలకు నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసేవాడు. ఆదివారం ప్రార్థనకు పోవాలి, షెడ్డు తెరవడు. ఒక్కరోజు వదిలేసినా ఉప్పుగాలికి పనిముట్లు ఎర్రబడేవి. అందుకని శనివారమే నాయన, మా రూతక్క, నేను కూర్చుని అన్నీ తుడిచేవాళ్లం.

తుప్పు మీద కిరసనాయిలు పోసి, కాసేపు నాననిచ్చి, కొబ్బరి పీచుతో రుద్దాలి. మొండి తుప్పయితే చింతపండు పులుసులో ఒక పూట నానేసి, కడిగి, ఎండలో పెట్టి, ఆ వేడి తగ్గకముందే ఆముదం పూయాలి. కడిగేది మాత్రం మా పెరటి బావి నీళ్లతో కాదు... అవి ఉప్పునీళ్లు. నేనొకసారి బద్ధకించి వాటితోనే కడిగితే, తెల్లారేసరికి సామాన్లు బిగించే వైసు మళ్లీ ఎర్రగా నన్ను చూస్తోంది.

అన్నిటికన్నా నాయనకు ప్రాణం పోత ఇనుప పలక. ఇంజను పైమూతను, అదే హెడ్డును, దాని మీద బోర్లించి, చదునుగా ఉందో లేదో చూసేవాడు. దానికి చిన్న గుంట పడినా ఆ పనికి రాదు. అందుకే వట్టి చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక సోమవారం షెడ్డు తెరిచేసరికి పలక మీద చిన్న అరచెయ్యి, ఐదు వేళ్లు... తుప్పుతో అచ్చు గుద్దినట్టు.

"ఎవురు మే ఇది?"

"రూతక్క నాయనా" అన్నాను నేను, టక్కున.

 నాయన అక్క చెయ్యి పట్టుకుని ఆ అచ్చు మీద పెట్టాడు. అక్క వేళ్లు అచ్చు దాటి బయటికి వచ్చాయి. నా చెయ్యి పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"సముద్రం యాడో లేదు మే... నీ చేతి చెమటలోనే ఉండాది. నువ్వు దాచినా ఇది దాచదు."

వారం రోజులు అక్క నన్ను "ఏమే దొంగచెయ్యీ, కూడు తిందువు రా" అనే పిలిచింది.

నాయన పోయాక ఆ షెడ్డు నా కొడుకు శామ్యూలు పట్టుకున్నాడు. శనివారం ఆముదం వాడూ తప్పలేదు.

పోయినేడు వానల్లో ఒక శనివారం... పలకకు అప్పుడే ఆముదం పూసి, తుడిచి పెట్టాడు. రొయ్యల గుంటలో నీళ్లకు గాలి కొట్టే ఇంజను ఆగిపోయిందని ఫోను వచ్చింది. హడావిడిగా చెప్పులు తొడుక్కుంటూ, తూలిపోకుండా పలక మీద చెయ్యి ఆనించాడు.

"రేయ్, వట్టి చెయ్యి! మీ తాత ఉంటే వీపు చీరేసుండేవాడు."

"తాత బదులు నువ్వుండావు గదమా. వచ్చినాక తుడస్తాలే."

"ఒక్క నిమిషం రా, తుడిచి పో."

"రొయ్యలు చచ్చిపోతాయి మా!"

దారిలో లారీ గుద్దింది. వాడు రాలేదు.

పది రోజులకు నేనూ రూతక్కా షెడ్డు తాళం తీశాం. పలక మీద వాడి చెయ్యి ఉంది. ఎర్రగా... చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలుతో సహా.

అక్క నెమ్మదిగా అంది. "తుడిచెయ్ మే. వదిలేస్తే గుంటలు పడి పలక పాడైపోద్ది. నాయన సొత్తు గదా."

"తుడిస్తే వాడి చెయ్యి పోద్ది గదక్కా."

అక్క కిరసనాయిలు డబ్బా నా పక్కన పెట్టి బయటికి పోయింది.

కిరసనాయిలు డబ్బా మూత ఎన్నిసార్లు తీశానో, ఎన్నిసార్లు పెట్టానో. కానీ తుప్పు నాకోసం ఆగుతుందా... రోజూ పోయి చూస్తే వేళ్లు లావవుతున్నాయి. ఇంకొన్నాళ్లకు వేళ్లూ అరచెయ్యీ కలిసిపోయి ఒట్టి మరకే మిగులుతుంది. తుడిచినా పోతాడు, వదిలినా పోతాడు.

చివరికి ఒక పొద్దున చుట్టూ ఉన్న తుప్పంతా కిరసనాయిలుతో, పీచుతో తీసేశాను. వాడి చేతిని మాత్రం రుద్దలేదు. ఆముదంలో ముంచిన గుడ్డను దాని మీద మెల్లగా అద్దాను... నిద్రపోయే బిడ్డ నుదురు తుడిచినట్టు. ఎర్రచెయ్యి నల్లబడి అక్కడే ఆగిపోయింది.

ఇంక ఆ పలక మీద ఏ ఇంజను హెడ్డూ పెట్టనివ్వను. నాయన నన్ను క్షమించాలి.

ప్రతి శనివారం అద్దుతూనే ఉన్నాను. ఆముదం వాసనకు "వచ్చినాక తుడస్తాలే" అని గుమ్మం దగ్గర వినబడుతుంది. తల తిప్పి చూస్తాను. ఎవరూ ఉండరు.

పోయిన శనివారం అద్ది లేస్తుంటే మోకాలు పట్టేసి, పలక మీద చెయ్యి ఆనించాను. సోమవారం చూస్తే వాడి చేతి పక్కనే నా చెయ్యి, ఎర్రగా. తుడవలేదు.

ఇప్పుడన్నీ స్టీలు, ప్లాస్టిక్కు సామాన్లే... ఎంత ముట్టుకున్నా ఎవరి గుర్తూ ఉంచుకోవు. మీ ఇంట్లో మీ పెద్దవాళ్లది పాత ఇనుప సామాను ఏదన్నా ఉంటే, తుడిచే ముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. దాని మీద ఎవరి చెయ్యి కనబడిందో నాకు కూడా చెప్పండి...