తాలును ఎర్రగా చూపిన దీపం

ఎర్ర దీపం ఇచ్చి, దాని కింద కాయ ఏరిన మా అక్కను దొంగను చేశారు. ఇచ్చినవాళ్లు శాలువాలు కప్పించుకుంటూనే ఉన్నారు.

భద్రాచలం అడవి అంచున మా ఊరి మిరప కల్లాల్లో తాలు ఏరే ఆడవాళ్ల ముఠాకు అక్కే పెద్ద. తాలంటే రంగు చచ్చి తెల్లబడిన కాయ. అది బస్తాలో కలిసిందంటే ఖమ్మం యార్డులో సరుకంతా చెడిపోయినట్టే. అందుకే పొద్దు వాలగానే ఏరుడు ఆపేయడం మా కల్లాల పద్ధతి. దీపం పెట్టుకుని ఎవరూ ఏరరు.

మొన్నటి పంటకు ఖమ్మం నుంచి ఒక కాలేజీ సారు కొత్తరకం దీపాలు పట్టుకొని వచ్చాడు. క్వాంటం డాట్లట. కంటికి ఆనని రేణువులు. పదార్థం ఒకటే; రేణువు చిన్నదైతే నీలం వెలుగు, పెద్దదైతే ఎరుపు. ద్రావణంలో కలిపి పలక మీద పూత పూసి, కరెంటు ఇస్తే వెలుగుతుంది. చవక, తేలిక. నేను బడి మొహం చూసినవాణ్ని కాను. ఫోనులో చదివి, తెలియని మాటకు నిఘంటువు తిరగేసి ఇంత తెలుసుకున్నాను. ఆ విద్య గొప్పదే. దాని మీద నాకు కోపం లేదు.

కల్లం పక్కన రేకుల షెడ్డులో పలకలు వేలాడదీశాడు. అన్నీ ఎర్రగా వెలిగాయి.

"తెల్లవి లేవా సారూ?" అన్నాను.

"నీలం రేణువులు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తలేవు తాతా. అవి లేంది తెలుపు రాదు. ఎరుపైతే ఏంది, వెలుగే గదా!"

అక్క ఒప్పుకోలేదు. "దీపం కింద ఏరుడేంది సారూ? మా అమ్మ కాలం నుంచి లేదు."

"మీ అమ్మ కాలంల ఫోనుండెనా? గిది పగటి లెక్కనే ఉంటదమ్మా, కూసోండి."

ఆ సాయంత్రమే మబ్బు కమ్మింది. కాయ తడుస్తుందని రైతు తొందరపెట్టాడు. ముఠా షెడ్డులో కూర్చుంది. ఆ వెలుగులో తెల్ల కాగితం కూడా ఎర్రగానే ఉంటుంది, ఇక తాలెక్కడ కనిపిస్తుంది? "ఈ పంటకు తాలే లేదే!" అని ఆడవాళ్లు మురిసిపోయారు. సారు ఫొటోలు తీసుకుని వెళ్లాడు.

యార్డులో ఖరీదుదారు బస్తా కోసి, గుప్పెడు కాయ తీసి ఎండలో చల్లాడు. సగం తాలే. రైతు అక్కడి నుంచే అక్కకు ఫోను చేశాడు: "కావాల్నని తాలు కలిపినవ్. మంచి కాయ ఎవలికిచ్చినవ్?"

ఆ రైతూ ఆ వెలుగులో నిలబడి చూసినవాడే. అయినా చదువుకున్న సారు దీపం తప్పు చూపిందంటే నమ్మడు. ఆ తర్వాత ఏ కల్లమూ అక్కను పిలవలేదు. "తిట్టినా పడ్తుంటి తమ్మీ. దొంగంటుండ్రు," అంది అక్క.

కాలేజీకి పోయాను. "మీ వెలుగులో తాలు కనపడదని రెండు ముక్కలు రాసియ్యి సారూ, రైతుకు చూపిస్త," అన్నాను. సారు టీ తెప్పించాడు, రాసివ్వలేదు. ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. జవాబు లేకపోతే మళ్లీ రాశాను. సిగ్గు విడిచి ఇంకోసారి రాశాను. చివరికి కాలేజీ ముద్రతో ఇది వచ్చింది:

"అయ్యా, మా దీపం ఎరుపు రంగును ఎంత బలంగా ఇస్తుందో మీ లేఖ వల్ల మరోసారి రుజువైంది. మీ అనుభవాన్ని మా నివేదికలో చేర్చుకుంటున్నాము. కృతజ్ఞతలు. మీ అక్కగారికి ఒకసారి కంటి పరీక్ష చేయించగలరు."