ఐదు గంటల మస్టర్

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని గని మీద అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. గోదావరిఖని దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, పైమట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర నాది మస్టర్ రాసే పని. ఎవరు ఎన్నింటికి పనిలోకి వచ్చారు, ఎన్నింటికి ఇంటికి పోయారు, అంతే. నిజం రాయడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. తెలివంతా నేను అబద్ధం రాయడానికే వాడాను.

మా తమ్ముడిదీ అదే గని. మట్టి కుప్ప అంచున నిలబడి, వెనక్కి వచ్చే డంపర్లకు జెండా ఊపేవాడు. డంపర్ నడిపేవాడికి ఏసీ ఉంటుంది. జెండా ఊపేవాడికి నెత్తిన హెల్మెట్, మెడలో తడి తువ్వాల, పక్కన నీళ్ల డబ్బా. ఆ కుప్ప కింద ఎక్కడో మా నాయన డ్యూటీ దిగి వచ్చి దున్నుకున్న చేను ఉంది. మా నాయన భూమి లోపలి బొగ్గు బాయిలో పనిచేశాడు. లోపల చీకటి, తడి, ఎప్పుడు కప్పు కూలుతుందోనన్న భయం ఉండేవి గానీ, ఎండ అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. మా కాలానికి బొగ్గు మీద కప్పు తీసేశారు. పైన ఎండలేమో ఏటికేడు ముదిరిపోయాయి.

మా పనిలో ఒక అలవాటు ఉండేది. మధ్యలో పని వదిలి దిగిపోతే ఆ పూట మస్టర్ పడదు. వరసగా నాలుగు మస్టర్లు పోతే ఆ మనిషి స్థానంలో ఇంకొకణ్ని తెస్తారు. దవాఖానకు తీసుకుపోతే ప్రమాదం అని కాగితం పుడుతుంది, కాగితం పుడితే ఆ మనిషిని మళ్లీ పనిలోకి రానివ్వరు. అందుకని ఎవరైనా ఎండకు సొమ్మసిల్లితే, చెట్టు నీడకు మోసుకుపోకముందే నా దగ్గరికి ఒకడు పరిగెత్తుకొచ్చేవాడు. “అన్నా, జర ఫుల్ మస్టర్ ఎయ్యి” అనేవాడు. వేసేవాణ్ని. దాన్ని మేం సాయం అనుకున్నాం. ఒకరికొకరు చేసుకునే సాయాల్లో అదే పెద్దదనుకున్నాం. మనిషిని కాపాడటం, మస్టర్‌ను కాపాడటం వేరువేరని మాకు తట్టలేదు.

ఎన్నికలొచ్చే ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు దాటాక మా తమ్ముడు కుప్ప మీద పడిపోయాడు. ఈసారి ఎవరూ పరిగెత్తుకు రాలేదు, నేనే చూశాను. ముందు పుస్తకం తీసి, వాడి పేరు ఎదుట దిగే వేళ ఐదు గంటలని రాశాను. గుండ్రంగానే రాశాను. తర్వాత పోయి నీళ్లు చల్లాను. కళ్లు తెరిచాడు, నాతో రెండు ముక్కలు మాట్లాడాడు. ఊరివైపు పోయే జీపు ఎక్కించి ఇంటికి పంపించాను. నాలుగింటికి వాడి భార్య, మా మరదలు ఫోన్ చేసింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. గుండె ఆగిందని రాశారు. అది అబద్ధం కాదు, ఎవరి గుండెయినా చివరికి ఆగేదే. నా పుస్తకంలో మాత్రం మా తమ్ముడు ఐదింటిదాకా జెండా ఊపుతూనే ఉన్నాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా ఇంటి మీద మా నాయన కాలం నుంచి ఒకే పార్టీ జెండా. ఆ పార్టీవాళ్లు ఈసారి ఏం హామీలు కావాలో రాసివ్వమని కాలనీల్లో అడిగారు. నేను రాశాను. వాతావరణం మారిపోతోంది, దాన్ని మీ హామీల కాగితంలో మొదటి మాటగా పెట్టండి అని రాశాను. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటి పని ఆపాలి, ఆ పూట మస్టర్ పోకూడదు. పాత మట్టి కుప్పల మీద నీడనిచ్చే చెట్లు పెట్టాలి. బొగ్గు తగ్గే రోజు వస్తుంది, ఆ రోజుకు మా పిల్లల చేతికి ఏం పని ఇస్తారో ఇప్పుడే చెప్పాలి. చివర మా తమ్ముడి చావు సంగతి రాశాను. గనిలో ఎండదెబ్బకు పడి చనిపోయాడని రాశాను.

సంతకాలకు ఇల్లిల్లూ తిరిగాను. “గిది పెడితే బాయి మూస్తరా ఏంది?” అని అడగని ఇల్లు లేదు. ఒక ముసలి కాక నవ్వాడు. “బొగ్గు తీసేది మనమే, ఎండ కొడుతుందని ఏడ్చేది మనమేనా?” అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం నవ్వుతూనే సంతకం పెట్టాడు.

పార్టీ ఆఫీసుకు మా మరదలు కూడా వస్తానంది. అక్కడి నాయకుడు ఒకప్పుడు బాయిలో పనిచేసినవాడే. కాగితం రెండుసార్లు చదివాడు. మంచి మనిషి, వెటకారం చేయలేదు.

“రాసింది నిజమే తమ్మి. కానీ పై కమిటీల కూసున్నోళ్లు ఎండాకాలం ఎండ గాక వాన కొడ్తదా అంటరు. మొదటి మాటగ పెట్టాల్నంటే ఒక్క చావన్న కాగితం మీద సూపియ్యాలె. మీ తమ్ముని మస్టర్ తెస్తవా?”

నా బదులు మా మరదలు చెప్పింది. “మా బావనే రాస్తడన్నా మస్టర్. ఆ రోజు అక్కడ్నే ఉన్నడు. రెండు గంటలు గొట్టంగ పడిపోయిండు ఆయన. బావ పుస్తకంల ఉంటది.”

ఎంత నమ్మకంగా అందో. అప్పుడు చెప్పక తప్పలేదు. ఐదు గంటలని రాశానని చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. నాయకుడికి విడమరచి చెప్పనక్కర్లేకపోయింది, మా మనిషే కదా. జేబులోంచి పెన్ను తీశాడు.

“మరి గీ సంగతి కొట్టెయ్యాలె తమ్మి. రేపు అవుతల పార్టోళ్లు మస్టర్ పట్టుకొస్తే మన కాగితమంత అబద్ధమైతది,” అన్నాడు.

నా కళ్లముందే తమ్ముడి చావు రాసిన నాలుగు వాక్యాల మీద గీత గీశాడు. మా మరదలు కొంగు నెత్తిన కప్పుకుని లేచి బయటికి పోయింది. దారి పొడుగునా నావైపు చూడలేదు. రోజూ మా ఇంటికి కూర గిన్నె పంపేది, ఆ రోజు నుంచి పంపలేదు. నాకది న్యాయంగానే తోచింది.

నెల తిరక్కముందే పార్టీ హామీల పుస్తకం అచ్చయి వచ్చింది. తీసుకుని వాళ్లింటికి పోయాను. ఆమె చదువుకోలేదు. అరుగు మీద కూర్చుని, “మనది యాడున్నది, సదువు,” అంది. చివరి పేజీ దాకా తిప్పాల్సి వచ్చింది. పచ్చదనం పెంచుతామని ఒక ముక్క ఉంది. వేసవిలో పనివేళల మార్పును పరిశీలిస్తామని ఇంకో ముక్క. చదివాను. సిగ్గేసింది, పార్టీని చూసి కాదు. వాళ్లను గట్టిగా నిలదీయడానికి పనికొచ్చే ఒక్క కాగితాన్ని నా చేత్తోనే పాడుచేశాను.

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అడిగింది. “ఆ రోజు ఆయన నీతోని ఏమన్నడు బావా?”

అన్ని నెలల్లో ఆమె ఆ మాట అడగలేదు. ఏదైనా చెప్పి ఉండొచ్చు. నిన్నే తలచుకున్నాడని చెప్పినా నమ్మేది.

“దవాఖానకు తోల్కపో అన్నా అన్నడు,” అన్నాను.

“నువ్వేమన్నవ్?”

“ఏం గాదు, ఇంటికి పోయి పండుకో, మస్టర్ నేను జూస్కుంట అన్న.”

ఆమె ఏడవలేదు. ఏడుపంతా నాకే వచ్చింది. వయసులో పెద్దవాణ్ని, ఆమె గుమ్మం ముందు తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, లేచి పొమ్మనీ అనలేదు. ఏడుపు ఆగేదాకా కూర్చుని, ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

“పార్టీకి మల్ల రాయి బావా. నువ్వు మస్టర్ల ఏం రాసినవో రాయి. ఆయన ఏమడిగిండో గది సుత రాయి. ఎండకు మనుషులు ఎట్ల సస్తున్నరో, ఎందుకు కాగితాల మీద కనవడ్తలేరో వాళ్లకు గప్పుడు ఎరుకైతది.”

“గట్ల రాస్తే నా మస్టర్ పోతది,” అన్నాను. ఆలోచించకుండానే, నోటికి అలవాటైన మాట అలా వచ్చేసింది.

ఆమె నా మొహంలోకి చూసింది.

“పోనియ్యి,” అంది.