పడడం నేర్పుతానన్న ఉస్తాదు

తాండూరు ఉస్తాదు పోయాడు. నాపబండల లారీ నడిపే మనిషి వికారాబాదు స్టేషను దగ్గర నన్ను చూసి బండి ఆపాడు. "మీ ఉస్తాద్ నిన్న పొద్దుగాల పానం ఇడిసిండు" అని చెప్పి వెళ్లిపోయాడు. మా ఉస్తాదట! కుస్తీ నేర్పే ఆ పెద్దమనిషిని మావాడు అనుకునే అర్హత పదేళ్ల కిందటే నా నోటితో నేను పోగొట్టుకున్నాను.

అప్పటికి నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లు. మా నాయన లేడు, ఇంట్లో పెద్దవాణ్ణి నేను. తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. కందుల బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తేవాడు. తాండూరు జాతరలో గోదాలోకి దిగి కుస్తీ పట్టాలని నా ప్రాణం తోడేసేవాడు. వాడికోసం ఉస్తాదును పెట్టుకోవాలా వద్దా అన్నది నేను తేల్చాలి. పెట్టుకుంటే ఆయన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి, మాతో పాటు తిండి పెట్టాలి. ఆయన సరేననే దాకా శిష్యుడు గోదాలో ఎవరితోనూ చెయ్యి కలపకూడదు.

కబురు పంపితే వచ్చాడు. మంచం వేస్తే కూర్చోలేదు. ఎవరింటికి వెళ్లినా నేల మీద కూర్చోవడమే ఆయన అలవాటు. తమ్ముడి భుజాల వైపు చూడనే లేదు. వెనక నిలబడి మెడ పట్టుకుని చూశాడు.

"బలం మస్తున్నది. మెడ పచ్చిగున్నది. ఏడాది దాక కింద పడుడే నేర్పిస్త."

నాకు ఒళ్లు మండింది. "పడనీకి ఉస్తాద్ ఎందుకు? గెలుసుడు నేర్పు."

"గెలుసుడు ఎవ్వలన్న నేర్పుతరు పటేలా. పడుడు తెల్వకపోతె పానం పోతది."

"అంటె ఏడాది మా ఇంట్ల కూసోని తింటవు, గంతేనా?"

రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. తలపాగా చుట్టుకుని స్టేషను దారి పట్టాడు. తమ్ముడు వెనకాలే పరుగెత్తబోతే రెక్క పట్టి ఆపింది నేనే.

జాతరకు వాణ్ణి తీసుకెళ్లిందీ నేనే. కన్నడం మాట్లాడే పహిల్వాను ఒకడు గోదా చుట్టూ తిరుగుతూ చెయ్యి చాచాడు. తమ్ముడు నా వైపు చూశాడు. "పో, కలుపు" అన్నాను. రెండో పట్టుకే ఆ పహిల్వాను వాణ్ణి ఎత్తి విసిరాడు. ముందుగా తలే నేలకు తగిలింది. వాడు లేవలేదు. జనంలోంచి అందరికంటే ముందు దూకింది ఉస్తాదే. "మెడ కదిలియ్యకుండ్రి!" అని అరిచాడు.

తమ్ముడు మూడేళ్లు మంచంలోనే బతికాడు. మెడ కింద ఏదీ కదలదు. ప్రతి ఆదివారం ఉస్తాదు తాండూరు నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేవాడు. నువ్వుల నూనె వెచ్చచేసి మర్దన చేసేవాడు. "జర పక్కకు తిప్పు పటేలా, పుండ్లు పడ్తయి" అని నాకూ నేర్పించాడు. చెరోపక్క కూర్చుని, వాడి చేతులు చెరొకటి పట్టుకుని రుద్దేవాళ్లం. తమ్ముడికి పాత కుస్తీల ముచ్చట్లు చెప్పి నవ్వించేవాడు. ఆదివారం వస్తుందంటే వాడి కళ్లు గుమ్మం మీదే ఉండేవి. ఇంతకంటే చేసిన మనిషి మా వంశంలోనే లేడు.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని ఎన్ని వారాలు చూశానో! తమ్ముడు పోయిన రోజు పాడె మోశాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నా ముఖం చూడడం ఇష్టం లేదనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

లారీ మనిషి చెప్పిన పూటే తాండూరు వెళ్లాను. అప్పటికే మట్టి చేశారు. ఆయన శిష్యుల్లో పెద్దవాడు నా పేరు అడిగి తెలుసుకున్నాడు.

"ఉస్తాద్ మమ్ములను కోపానికి రానియ్యకపోతుండె. 'ఒక్కపారి నాకు కోపమొచ్చింది, ఓ పిలగాని మెడ ఇరిగింది. పటేలు తెల్వక అన్నడు. నేను తెలిసి లేసొచ్చిన' అని ఏడ్సెటోడు."

మూడేళ్లు నా ఎదురుగా కూర్చున్నాడు. తప్పు నాదని నేను ఒక్కసారి అని ఉంటే ఆ మనిషి తేలికపడి పోయేవాడు కదా!

గోరీ దగ్గరికి వెళ్లి, పక్కన నలుగురున్నా పైకే అన్నాను, "తప్పు నాదే ఉస్తాద్" అని. మన్ను ఇంకా తడిగానే ఉంది. మీద చల్లిన గులాబీ రెక్కలు ఎండకు నల్లబడుతున్నాయి.