నాయన పండించిన బీట్‌రూట్లు

రేణిగుంట ఫ్యాక్టరీలో నాది నిలబడి చేసే పని. బెల్టు మీద వచ్చే ఫోన్ ఛార్జర్లకు చిన్న చిన్న భాగాలు బిగించి ముందుకు పంపాలి. కొన్నేళ్లుగా అలవాటైన పనే. కానీ ఆ ఏడాది వానాకాలం నుంచి, మధ్యాహ్నం దాటేసరికి నా కాళ్లలో సత్తువ ఉండేది కాదు. కళ్లు బైర్లు కమ్మేవి. తిరుచానూరులో నేను అద్దెకుంటున్న ఇల్లు మేడమీద. మెట్లెక్కి తలుపు తాళం తీసేలోపే గుండె దడదడ కొట్టుకునేది. ఇంటి పనీ డ్యూటీ పనీ కలిస్తే ఎవరికైనా ఇంతేలే అనుకున్నాను. ఫ్యాక్టరీలో అందరికీ రక్తపరీక్షలు చేసినప్పుడు బయటపడింది, నాకు రక్తం బాగా తక్కువగా ఉందని. మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకుంటే కడుపులో తిప్పేది. కొన్నాళ్లు వేసుకుని మానేశాను.

ఆ సంగతి ఫోన్లో మా నాయనతో అన్నాను. నాయనది పాకాల పక్కన పల్లె. అమ్మ పోయాక మా తమ్ముడు, మరదలితో కలిసి ఉంటూ సేద్యం చూసుకుంటున్నాడు. ఎప్పుడూ టమోటా పెట్టే పొలం చెక్కలో ఆ సంవత్సరం మొదటిసారి బీట్‌రూట్ వేశాడు. మార్కెట్టుకు తోలడమే తప్ప, ఒక్క ముక్క నోట్లో వేసుకున్న మనిషి కాదు. మట్టి వాసనొస్తుందని ఆయన ఫిర్యాదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే పాకాలలో రైలెక్కి, తిరుపతిలో దిగి, షేర్ ఆటోలో మా ఇంటికి వచ్చేశాడు. భుజాన సంచి. దాని నిండా ఆకులతో సహా పెరికిన బీట్‌రూట్లు.

"ఇది తింటే రక్తం పడతాదంట పాపా. సూడు, కోస్తే రక్తం కారినట్టే ఉండాది."

"నువ్వు తింటావా?"

"నాకెందుకు? నా ఒంట్లో రక్తం బాగానే ఉండాది."

"నువ్వు తింటేనే నేనూ తింటా నాయనా."

నా మొహంలోకి చూసి, "సరే, కత్తి ఇట్టియ్" అని వంటింట్లో నేలమీద కూర్చున్నాడు. ఆయన చెక్కు తీసి సన్నగా తరిగిస్తే నేను పెసరపప్పు నానబెట్టి, ఆవాలూ ఎండుమిరపకాయా తాలింపు పెట్టి, పచ్చికొబ్బరి చల్లి పొరియల్ చేశాను. నాయన ముక్కు చిట్లించుకుంటూనే మొదటి ముద్ద పెట్టుకున్నాడు. రెండో ముద్దకు ముక్కు సర్దుకుంది. మూడోసారి వడ్డించమని తానే అడిగాడు.

"తియ్యగా బాగుండాదే! ఇన్నాళ్లూ మార్కెట్టుకు తోలి నేను తినకుండా పోతినే."

చెత్తబుట్టలో వేయబోతున్న ఆకులను చూసి నా చేయి పట్టుకున్నాడు. "అవెందుకు పారేస్తావు? లేతగా ఉండాయి. పప్పులో ఎయ్యి." సాయంత్రం సంగటిలోకి ఆ ఆకు పప్పే చేశాను. అమ్మ పోయాక మేమిద్దరం కలిసి వంట చేసింది ఆ రోజే. నాకు ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా మరిచిపోయాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం సంచితో దిగేవాడు. ఊళ్లో మా మరదలి చేత కూడా వండించుకుంటున్నానని చెప్పేవాడు. పచ్చిది తురిమి పెరుగులో కలుపుకోవడం కూడా నేర్చుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే "పనుండాది పాపా" అని పెట్టేసేవాడు. తమ్ముణ్ని అడిగితే, "నాయన ఎవరితోనూ సరిగా మాట్లాడట్లేదక్కా. అన్నం తినేసి చేని కాడికి పోతాడు, చీకటి పడినాక వస్తాడు" అన్నాడు.

సెలవు పెట్టి పాకాల రైలెక్కాను. నాయన బోరు మోటారు గది నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ, ఎప్పటిలా నవ్వలేదు.

"ఏమైంది నాయనా? ఎందుకు రావడం లేదు?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే ఇట్లుంటావా?"

కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత తల పక్కకు తిప్పుకుని, కూతురితో చెప్పాల్సిన మాటేనా అన్నట్టు మెల్లగా అన్నాడు. "ఒంటికి పోతే ఎర్రగా పడతా ఉండాది పాపా."

నాయన స్నేహితుడొకాయన కిడ్నీలు చెడిపోయి, రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారం వారం తిరుపతికి వెళ్లివస్తున్నాడు. నాయన మనసులో ఆయనే మెదులుతున్నాడని అర్థమైంది.

"ఎన్నాళ్లుగా? మాకు చెప్పొద్దా?"

"నీకే బాగలేదు. మళ్లా నా గోడు కూడానా అని చెప్పలా. రక్తం పోతా ఉండాదే, పోయిందంతా పడాలని ఆ బీట్‌రూట్టే ఇంగా ఎక్కువగా తింటా ఉండాను."

ఆ మాట విన్నప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నేనూ అదే తింటున్నాను, నాకలా కాలేదు మరి. మరుసటి రోజు ఉదయమే తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. మంట ఉందా, నొప్పి ఉందా అని అడిగింది. రెండూ లేవన్నాడు. "రాత్రి ఏం తిన్నారు?"

"బీట్‌రూట్ తాలింపు."

"నిన్న మధ్యాహ్నం?"

"బీట్‌రూట్ ఏసిన పప్పు."

"పొద్దున?"

"అదే. పచ్చిది. పెరుగులో."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంకేం పెద్దాయనా, అది రక్తం కాదు, బీట్‌రూట్ రంగు. కొందరికి అలా దిగుతుంది. భయం లేదు." అయినా పరీక్ష చేయించింది. మూత్రంలో రక్తం లేదని తేలింది. నాయన పెద్దగా ఊపిరి వదిలాడు. నేను అప్పటికే చేతిసంచి తీసుకుని లేవబోతున్నాను. "ఉండండి, వచ్చారు కదా, బీపీ కూడా చూస్తాను" అంది.

చూసింది. నవ్వు పోయింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది, రెండో చేతికి కూడా పట్టీ కట్టి చూసింది. బీపీ బాగా ఎక్కువగా ఉందని చెప్పింది.

"నాకు తలనొప్పి కూడా రాదే?" అన్నాడు నాయన నమ్మలేక.

"బీపీ చాలామందికి చెప్పి రాదయ్యా. ఇంత ఎక్కువున్నది ఇలాగే వదిలేస్తే పక్షవాతమో గుండెపోటో రావచ్చు. మీరు భయపడుతున్న కిడ్నీలు కూడా దీనివల్లే పాడవుతాయి. మంచి సమయానికి వచ్చారు."

మాత్రలు రాసింది. ఊరగాయ, అప్పడాలు తగ్గించమంది. మరి బీట్‌రూట్ మానాలా అని నాయన దిగులుగా అడిగాడు. అక్కర్లేదంది. అది రక్తనాళాలను కాస్త సడలిస్తుందనీ, బీపీకి కొంత మేలే చేస్తుందనీ, పీచు ఉంటుంది కాబట్టి కడుపుకు కూడా మంచిదనీ చెప్పింది. "కానీ మాత్రకు బదులు తినొద్దు, మాత్రతో పాటు తినండి. మూడు పూటలా అదే కూడా వద్దు."

నేను పక్కన కూర్చుని నా సంగతి కూడా చెప్పుకున్నాను. ఎర్రగా ఉన్నంత మాత్రాన అది రక్తమైపోదని ఆమె నవ్వుతూనే చెప్పింది. రక్తం తయారు కావడానికి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ అందులో ఉందట, ఇనుము మాత్రం నాకు చాలినంత లేదట. కడుపులో తిప్పని వేరే మాత్ర రాసి, అన్నం తిన్నాక వేసుకోమంది. ఇనుము ఒంటికి పట్టాలంటే కూరలో నిమ్మకాయ పిండుకోవాలి, తిన్న వెంటనే టీ తాగకూడదు. ఆకుకూరలు తప్పనిసరి.

బయటికొచ్చాక నాయన వరండాలో బల్లమీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఏమంటాడో అని నేను పక్కనే కూర్చున్నాను.

"ఆకలేస్తా ఉండాది పాపా. యాడన్నా ఇడ్లీ తిందాం పద."

ఎన్నో రోజుల తర్వాత ఆయన నోట ఆ మాట విని నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఎండాకాలానికి నా రక్తం మెరుగుపడింది. షిఫ్టు అయ్యేదాకా తూలకుండా నిలబడగలుగుతున్నాను. అందులో బీట్‌రూట్ వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో నాకు తెలియదు. నాయన బీపీ కూడా అదుపులోకి వచ్చింది. ఆ ఎర్రరంగు కనిపించకపోయుంటే ఆయన ఆసుపత్రి గడప తొక్కేవాడే కాదు. ఆ బీట్‌రూట్ గడ్డకు నేను రుణపడి ఉన్నాను. భయాన్ని నవ్వి కొట్టిపారేసి పంపెయ్యకుండా, ఇంకో నిమిషం కూర్చోబెట్టిన ఆ డాక్టరమ్మకు కూడా.

నాయన ఇప్పుడు ఊళ్లో తన వయసువాళ్లను ఒక్కొక్కరినే వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతున్నాడు. రానని మొరాయించేవాళ్లతో, "ఒగసారి సూపిచ్చుకో అబ్బా, పోయేదేముండాది?" అంటాడట. మొన్న ఫోన్లో తమ్ముడు చెప్పాడు, అట్లా వెళ్లినవాళ్లలో ఒకాయనకు కూడా బీపీ బయటపడిందని, ఆయన రోజూ మాత్ర వేసుకున్నాడో లేదో నాయనే పోయి కనుక్కుని వస్తున్నాడని.