గల్లీ నడుమ కంబం

దూస లక్ష్మీరాజం రోజూ చీకటి విడవకముందే లేచి, ముఖం కూడా కడుక్కోకుండా గడప దాటి, ఒక కన్ను మూసి గల్లీని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తాడు. ఆ గల్లీకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరికోసమో కాపు కాస్తున్నాడనుకుంటారు. ఆయన చూసేది గల్లీ ఖాళీగా ఉందా లేదా అని. ఎవరైనా బండిని అడ్డంగా విప్పి వదిలేసినా, బర్రెను వాకిట్లో కట్టేసినా ఆ ఇంటి తలుపు తట్టి అప్పటికప్పుడు తీయిస్తాడు.

అది పద్మశాలీల గల్లీ. పడుగును మగ్గానికి ఎక్కించే ముందు దాని దారాలకు గంజి పట్టించాలి. అంత పొడుగు పడుగు ఏ ఇంట్లోనూ పట్టదు. అందుకని దాన్ని గల్లీ పొడుగునా పరిచి, రెండు కొసలూ గుంజలకు బిగించి, అటొకరూ ఇటొకరూ నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ తగిలితే గంజి బిగిసి దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇండ్ల నీడ గల్లీ మీద ఉన్నంతసేపే ఆ పని. పొద్దెక్కేసరికి పడుగులు చుట్టుకుని అందరూ లోపలికి పోతారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు అక్కడ కనిపించేది ఒట్టి గల్లీ.

ఇంత తెలిసిన మనిషీ, ఆ గల్లీ నడుమ కరెంటు కంబం పాతించిన మనిషీ ఒక్కడే. ఆ సంగతి గల్లీ వాళ్ళు ఆయన్ను ఎన్నడూ మరచిపోనివ్వలేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు ఆ చిన్న పట్నంలో మున్సిపాలిటీ ఎన్నికలు జరిగాయి. పాత అలవాటు కొద్దీ అందరూ మున్సిపాలిటీని బల్దియా అనే పిలిచేవారు. గల్లీ వాళ్ళు లక్ష్మీరాజాన్ని మెంబరుగా నిలబెట్టారు. ఆయన చదివింది తక్కువే కానీ నలుగురిలో లేచి మాట్లాడగలడు. గల్లీకి కావలసింది కూడా పెద్దదేమీ కాదు, ఒక కరెంటు దీపం. చీకటి పడితే తేళ్ళు, కుక్కలు. ఆడవాళ్ళు గుడ్డి దీపాల ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టీ చుట్టీ కళ్ళు పోగొట్టుకుంటున్నారు. గెలిచిన నాటి నుంచి లక్ష్మీరాజం ప్రతి మీటింగులో లేచి దీపం అన్నాడు. మిగతా మెంబర్లు ఆయన లేవగానే "దీపం గురించేనా?" అని నవ్వే దాకా అన్నాడు. చివరికి మంజూరైంది. కంబాలు రైలులో పెద్దపల్లి దాకా వచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చాయి.

జాగా చూసి గుర్తు పెట్టడానికి ఓవర్సియర్ పొద్దున్నే వస్తున్నాడని కబురందింది. ముందు రోజు సాయంత్రం లక్ష్మీరాజం ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

"రేపు ఎవ్వలూ పడుగు తియ్యొద్దు. గల్లీ అద్దం లెక్క ఉండాలె. పెద్దసారు వస్తుండు."

"పెండ్లిచూపులకు వస్తుండా ఏంది?" అన్నాడు సిద్దిరాములు. గల్లీలో అందరికన్నా పెద్దవాడు, నోరు కూడా అందరికన్నా పెద్దది. "ఒక్క పూట పని ఆగితే నువ్వు పెడ్తవా గంజి?"

"కాకా, జర ఒక్క పొద్దు ఓర్సుకో. గుంజలు, కుంచెలు, గంజి కుండలు చూస్తే గా సారు మనల ఏమనుకుంటడు?"

ఏమనుకునేవాడో కానీ, చూసి ఉంటే బాగుండేది. మర్నాడు గల్లీ ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గులు వేసి ఉంది. ఓవర్సియర్ సంతోషించాడు. ఇంత విశాలమైన శుభ్రమైన గల్లీ ఈ ఊళ్ళో లేదన్నాడు. లక్ష్మీరాజం భార్య శంకరవ్వ ఇచ్చిన చాయ తాగాడు. రెండు పక్కలా ముందు ముందు మురుగునీటి మోరీలు వస్తాయి కనుక అంచుల్లో ఏదీ పాతకూడదని రూలు ఉందట, టేపు పట్టించి నట్టనడుమ సున్నంతో ఒక గుర్తు పెట్టించి వెళ్ళిపోయాడు. లక్ష్మీరాజం ఆ గుర్తును చూశాడు. కొలతకోసం పెట్టాడనుకున్నాడు. పెద్దసారును అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

సంత రోజున మగవాళ్ళంతా బట్టలు అమ్ముకోవడానికి పోయినప్పుడు బల్దియా కూలీలూ కరెంటోళ్ళూ వచ్చి కంబం పాతిపోయారు. తిరిగొచ్చేసరికి దీపం వెలుగుతోంది. ఆ సాయంత్రం లక్ష్మీరాజాన్ని భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ. ఆడవాళ్ళు అరుగుల మీద కండెలు చుడుతూ ఒకరి ముఖం ఒకరు కొత్తగా చూసుకున్నారు.

తెల్లవారి పడుగులు భుజాన వేసుకుని బయటికొచ్చిన మగవాళ్ళు ఒక్కొక్కరే కంబం దగ్గర ఆగిపోయారు. పడుగును వంచలేరు, వంచితే ఒక పక్క దారాలు వదులై, ఇంకో పక్కవి తెగుతాయి. కంబానికి ఇటు సగం, అటు సగం పరిచేంత చిన్న పడుగు ఎవరికీ లేదు. సిద్దిరాములు కంబాన్ని చేత్తో తట్టి చూశాడు.

"మంచి గట్టిగ పాతిన్రు. మెంబరు సాబ్, గిప్పుడు చెప్పు, అద్దం లెక్క ఉన్నదా గల్లీ?"

ఆ రోజు నుంచి పడుగులన్నీ ఊరి బయటి మైదానానికి పోయాయి. అక్కడ నీడ లేదు, గాలి దుమ్మును తెచ్చి తడి దారాల మీద పోసేది, మేకలు గంజి నాకేవి. పోను రాను పొద్దు గడిచిపోయేది. తెగిన ప్రతి పోగుకూ గల్లీలో ఒక తిట్టు పుట్టేది, అది సూటిగా లక్ష్మీరాజం ఇంటికి వచ్చేది.

అడుగు పక్కకు జరిపిస్తే అయిపోయేదానికి ఇంత రంధి ఎందుకని ఆయన బల్దియా దఫ్తరుకు పోయాడు. గుమాస్తా కైలాసం మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ కుదరదని చెప్పేవాడు.

"కంబం మాదే మెంబర్ సాబ్. దాని మీది దీపం బుగ్గ కరెంటోళ్ళది. వాళ్ళు బుగ్గ తీస్తెనే మేము కంబం తీస్తం. మేము కంబం తీస్తున్నమని రాస్తెనే వాళ్ళు బుగ్గ తీస్తరు."

"మరి రాయరాదు?"

"తీర్మానం లేకుంట ఎట్ల రాస్తం?"

"తీర్మానం నేను చేయిస్త."

"చేయించుండ్రి. కాని ఎజెండల పెట్టాలంటే కరెంటోళ్ళకు అభ్యంతరం లేదని కాయితం కావాలె."

లక్ష్మీరాజం ఆ మాటలను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి పేర్చి చూసుకున్నాడు. ఎటు నుంచి బయలుదేరినా కైలాసం బల్ల దగ్గరికే వచ్చాడు.

అంచున పాతడానికి మోరీలు అడ్డు. మోరీలు ఎప్పుడొస్తాయని అడిగితే వాటికి ఇంకా మంజూరు లేదన్నారు. రాని మోరీలకు వదిలిన జాగాలోకి, ఉన్న కంబాన్ని జరపడానికి వీల్లేదు. మీటింగులో ఈ మాట గట్టిగా అడిగాడు. ఒకసారి కోరం లేదు. ఇంకోసారి కోరం ఉంది కానీ బందెలదొడ్డి తలుపు గురించి మాట్లాడుతూ పొద్దుపోయింది. ఆ తర్వాతిసారి ఆయన వంతు వచ్చింది, ముగ్గురు మెంబర్లు పోయి చూసి రావాలని తేల్చారు.

ఆ ముగ్గురూ మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చారు. గల్లీలో ఒక కోడి తప్ప ఏమీ లేదు.

"దేనికి అడ్డమున్నది గీ కంబం?" అన్నాడు హనుమండ్లు. బజారు వార్డు మెంబరు, కిరాణా దుకాణం ఆయనది. తన వార్డుకు ఇంకా దీపం రాలేదని కడుపుమంట ఆయనకు.

"పొద్దుగాల రాండ్రి. పడుగులు పరిచినప్పుడు చూద్దురు."

"పొద్దుగాల దఫ్తర్ తియ్యరు గదా."

లక్ష్మీరాజానికి తిక్క రేగింది. లోపలికి పోయి తన పడుగే తెచ్చి ఆ ఎండలో పరిచాడు. కంబం దగ్గర అది ఎలా మెలితిరుగుతుందో చూపించాడు. మైదానంలో పట్టించిన గంజి ఇంకా పచ్చిగానే ఉంది, చూస్తుండగానే కట్టె అయింది. పోగులు పుటుక్కుపుటుక్కున తెగాయి. అరుగు మీద నుంచి శంకరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది.

హనుమండ్లు పడుగు చుట్టూ నెమ్మదిగా తిరిగొచ్చాడు.

"అంటే సర్కారు తొవ్వ మీద మీరు ధందా చేస్తున్నరన్నట్టు. దీనికి బల్దియా ఇజాజత్ ఉన్నదా?"

 లక్ష్మీరాజానికి ముల్లు తీయబోతే కొర్రు దిగినట్టయింది. కంబం ఎందుకు జరపాలో నిజం రాస్తే గల్లీలో పడుగు పరచడమే తప్పవుతుంది. నిజం రాయకపోతే కంబం జరపడానికి కారణం లేదు. ముగ్గురు మెంబర్లకూ చాయ పోయించి, పడుగు సంగతి కాయితం మీదికి ఎక్కకుండా చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడు. హనుమండ్లు సరేనన్నాడు కానీ, "కంబం వద్దంటే చెప్పు, మా బజారుకు తీస్కపోత," అని పోతూపోతూ నవ్వాడు.

దానికీ ఒక దశలో లక్ష్మీరాజం ఒప్పుకునేవాడే. గల్లీ మగవాళ్ళు పీకి పారేయమన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. "దీపం పోతే కండెలు మీరే చుట్టుకోండ్రి," అని శంకరవ్వ అందరి తరఫునా చెప్పేసింది. కండెలు లేకపోతే మగ్గం కదలదు. 

కైలాసానికి జాలేసింది. "ఇంకేదన్న కారణం రాయుండ్రి. శవం పోతలేదని రాస్తే ఎవ్వలూ కాదనరు," అని సలహా ఇచ్చాడు. పాడె పోవడానికి కంబం అడ్డమని లక్ష్మీరాజం దరఖాస్తు పెట్టాడు. నెల తిరిగాక అది ఒక ప్రశ్నతో వెనక్కి వచ్చింది. కంబం పాతిన తర్వాత ఈ గల్లీలో ఎవరైనా మరణించారా?

ఈ సంగతి సిద్దిరాములు చెవిన పడనే పడింది. పొద్దున్నే వచ్చి లక్ష్మీరాజం వాకిట్లో నిలబడ్డాడు.

"ఎవలన్న సావాల్నంట గదా?"

"అట్ల గాదు కాకా."

"నేనే పెద్దోణ్ణి. వరుస నాదే. కాని ఒక్క ముచ్చట చెప్తున్న లచ్చిరాజం, నేను సస్తే నా పాడెను గా కంబానికి కట్టేసి పోండ్రి. కౌన్సిలోళ్ళు మజ్జాన్నం తిని వచ్చి చూస్తరు."

గల్లీ అంతా నవ్వింది. లక్ష్మీరాజం కూడా నవ్వాలనే చూశాడు, రాలేదు. లోపలికి పోయి మగ్గం మీద కూర్చున్నాడు. ఆ మగ్గం మీద పెట్టిన బట్ట ఎప్పటిదో ఆయనకే గుర్తు లేదు. దఫ్తరు చుట్టూ తిరిగిన రోజుల్లో ఇల్లు నడిచింది శంకరవ్వ చుట్టే కండెల మీద, కూతురు బాలవ్వ నేసే తువ్వాలల మీద.

చివరికి దారి చెప్పింది కూడా కైలాసమే. తొవ్వ మీద, మోరీ జాగా మీద కంబం పాతకూడదు కానీ, ఎవరైనా ఇంటాయన తన సొంత జాగాలో పాతుకోనిస్తే కౌన్సిల్ అడ్డు చెప్పదు. సొంత జాగా అంటే అరుగే. ఎవరి అరుగైనా పగలగొట్టాలి.

లక్ష్మీరాజం మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. ఒకరిది మూల మీది ఇల్లు, అక్కడైతే వెలుగు సగం గోడ తాగేస్తుంది. ఒకరి అరుగు పాలివాళ్ళతో తగాదాలో ఉంది. సిద్దిరాములు, "నా అరుగు మీద నేను పండుకుంట. కంబం పండుకుంటదా?" అన్నాడు. ఇక మిగిలింది గల్లీకి సరిగ్గా నడుమ ఉన్న తన ఇల్లు.

ఆ అరుగు ఆయనది కాదు. కాయితం మీద ఆయనదే, కానీ శంకరవ్వ కాపురానికి వచ్చిన ఏడాది తన చేతులతో మట్టి తొక్కి వేసుకున్నది. దాని మీదే కండెలు చుట్టింది, పిల్లను ఆడించింది, గల్లీ ఆడవాళ్ళకు తీర్పులు చెప్పింది. రెండు రోజులు లక్ష్మీరాజం అన్నం తింటూ నోరు తెరవడం, మూయడం చేశాడు.

"అడుగుతవా, నేనే చెప్పాల్నా?" అంది శంకరవ్వ మూడో రోజు.

"ఏమని?"

"సిద్దిరాములు పెండ్లాం నీళ్ళకాడ చెప్పింది. ఊరందరికి తెల్సినంక నాకు చెప్తవా?"

ఆయన తల వంచుకున్నాడు. "నేను చేసిన తప్పే. గల్లీ అంత నా నోట్లె మన్ను పోస్తున్నరు. పడుగు గల్లీలకు రాకుంటే ఇగ ఎవ్వలం బతకం."

 శంకరవ్వ ఆయన కంచంలో చారు పోసింది.

"పలగొట్టు. కాని గీ అరుగుతోని నీ మెంబరుగిరి గూడ పోవాలె. ఇంకోసారి నిలబడ్తనంటే, నేను పోయి చొప్పదండిల మా అన్న ఇంట్ల కూసుంట. మగ్గం మీద సాలీడు గూడు పెట్టింది, చూసినవా?"

"నిలబడ."

"మీటింగుల చెప్పినట్టు చెప్పకు."

"నిలబడ శంకరవ్వా."

తీర్మానం అయింది. కరెంటోళ్ళు బుగ్గ విప్పారు, బల్దియా కూలీలు కంబం పెకలించారు. అరుగును గడ్డపారలతో తవ్వుతుంటే శంకరవ్వ ఇంట్లో పప్పు విసురుతూ కూర్చుంది, బయటికి రాలేదు. గల్లీ నడుమ పడ్డ గుంతను పూడ్చమంటే అది రోడ్డు పని, కంబం పని కిందికి రాదని కూలీలు వెళ్ళిపోయారు. లక్ష్మీరాజం దఫ్తరుకు పోలేదు. తట్ట తెచ్చి తానే మొరం పోశాడు. కాసేపటికి సిద్దిరాములు వచ్చి కాలితో దాన్ని గట్టిగా తొక్కాడు.

మర్నాటి నుంచి పడుగులు మళ్ళీ గల్లీలోకి వచ్చాయి. రెండోసారి ఎన్నికలు వచ్చినప్పుడు గల్లీ వాళ్ళే వచ్చి అడిగారు, మోరీల కోసమైనా నిలబడమని. లక్ష్మీరాజం ఇంట్లోకి చూశాడు. శంకరవ్వ కండె చుడుతోంది, తల ఎత్తలేదు.

"నాతోని గాదు," అని ఆయన వాళ్ళను పంపేశాడు. ఆ వార్డు నుంచి హనుమండ్లు బావమరిది గెలిచాడు.

ఇప్పుడు పందొమ్మిది వందల అరవై ఎనిమిది. లక్ష్మీరాజానికి యాభై రెండేండ్లు. పొద్దున్నే గల్లీ చూసి వచ్చి, సహకార సంఘానికి తువ్వాలలు నేస్తున్నాడు.