కర్నూలు ఆంటీ రుబ్బురోలు

ఆ రోజుల్లో భూగర్భశాస్త్రంలో చేరిన ప్రతివాడికీ మొదటి ఏడాదిలోనే ఒక జబ్బు పట్టుకునేది. చేతికి సుత్తి రాగానే లోకంలోని రాళ్లన్నీ తనకోసమే పడి ఉన్నాయనిపించేది. మా మాస్టారు ప్రాక్టికల్స్‌లో పదే పదే చెప్పేవారు: "ఎండకు ఎండి వానకు తడిసిన పైపొర చూసి రాయికి పేరు పెట్టకండి. పగలగొట్టి లోపలి ముఖం చూడండి." మంచి మాటే. ఎవరి రాయి పగలగొట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు (చెప్పాల్సిన అవసరం వస్తుందని పాపం ఆయనెలా అనుకుంటారు!).

యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, తార్నాకలో ఒక మేడమీద గదిలో నేనూ, భువనగిరి నుంచి వచ్చిన నా క్లాస్‌మేటూ ఉండేవాళ్లం. వాణ్ణి అందరూ 'గుట్ట' అనేవారు. కింది వాటాలో ఇంటావిడ, కర్నూలు ఆంటీ. పెరట్లో కుళాయి పక్కన ఆమె నల్లటి రుబ్బురోలు. ఇంట్లో గ్రైండరు ఉన్నా, గారెలపిండికి మాత్రం ఆమెకు ఆ రోలే కావాలి. ఒక ఆదివారం పళ్లు తోముకుంటూ మేమిద్దరం ఆ రోలు మీద వాదనకు దిగాం.

"గ్రానైట్ రా అది. మన క్యాంపస్ల ఏ బండ జూసినా గదే గదా," అన్నాడు గుట్ట.

"కాదు, డోలరైట్. గ్రానైట్ పగుళ్లలోకి శిలాద్రవం ఎక్కి గట్టిపడితే వచ్చే రాయి."

"నీకెట్ల ఎర్కరా? లోపలికి పోయి జూసొచ్చినవా?"

ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. సుత్తి తెచ్చి అంచుమీద చిన్న దెబ్బ వేశాను. గోరంత పెచ్చు వస్తుందనుకుంటే అరచేయంత ఊడివచ్చింది. లోపల సూదుల్లాంటి తెల్లని ఫెల్‌స్పార్ పలుకులు ఎండకు తళుక్కుమన్నాయి. "చూశావా, డోలరైటే!" అని అరిచాను. గుట్ట రాయిని చూడటం లేదు. నా వెనక్కి చూస్తున్నాడు.

"ఏమప్పా, ఏం చేస్తివి నువ్వు?" ఆంటీ. చేతిలో నానిన మినప్పప్పు గిన్నె.

క్షమించమనడానికి బదులు నేను పాఠం మొదలుపెట్టాను. "ఇది మామూలు రాయి కాదాంటీ. కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల..."

"కోట్ల ఏండ్లు బాగనే ఉండె కదప్పా! నువ్వొచ్చి ఆర్నెల్లు గూడా కాలేదు!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా యమ్మ కర్నూలు నుంచి బస్సు మింద ఏసుకోని వచ్చింది దీన్ని. నెలాఖరుకు గది ఖాళీ చేసేయ్," అని లోపలికి వెళ్లిపోయింది.

నెలాఖరుకే మా పరీక్షలు. "నడువు, లాలాపేట్ల రూములు జూద్దాం. మన సామాన్ల రాళ్లే ఎక్కువున్నయ్, మోసేటోడు గూడ దొరకడు," అని గుట్ట రోజంతా గొణిగాడు. గది పోతుందన్న భయం నాకూ ఉంది. కానీ సాయంత్రం మెట్ల మీంచి చూస్తే, ఆంటీ ఆ పెచ్చును కొంగుతో తుడిచి, రోలు అంచుకు ఆనించి సరిపోతుందేమోనని చూసుకుంటోంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఈసారి ఏ పాఠమూ లేకుండా, "తప్పయిందాంటీ" అన్నాను. ఆమె చెయ్యి చాపింది. "ఆ సుత్తి ఇట్లియ్యి."

గది దక్కింది. సుత్తి ఆమె వంటింట్లో బియ్యం డబ్బా వెనక్కి చేరింది. ఫీల్డుకు వెళ్లే రోజున అడిగి తీసుకోవాలి. ఇస్తూ ఇస్తూ, "ఈ పొద్దు ఏ రాయికి మూడిందప్పా?" అనేది. జవాబు చెప్పేదాకా పిడి వదిలేది కాదు.

ఇప్పుడు నేనే పిల్లల్ని ఫీల్డుకు తీసుకెళ్తున్నాను. ఖండాలు విడిపోవడం, పర్వతాలు లేవడం కాస్త గంభీరంగానే చెబుతాను. కానీ ఎంత బోడి బండైనా సరే, దెబ్బ వేసేముందు చుట్టూ చూసి "దీనికి సొంతదారులెవరైనా ఉన్నారా?" అని అడుగుతాను.

"అడవిల బండకు ఓనరెవరుంటరు సార్!" అని పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

నేనూ నవ్వుతాను. అయినా జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతాను.