రింగు గేజిలో పసుపు

మొన్న హబ్సిగూడలో కళ్ళజోడు మార్పించుకుని వస్తూ, కొత్తగా పెట్టిన మోటారు సైకిళ్ళ షోరూము అద్దం దగ్గర ఆగిపోయాను. లోపల ఒక బండి ట్యాంకు మీద, నేను కుర్రవాణ్ణిగా ఉన్నప్పుడే ఇంగ్లండులో తలుపులు మూసేసిన ఒక కంపెనీ పేరు బంగారు అక్షరాలతో మెరిసిపోతోంది. ఆ పేరును ఎవరో కొనుక్కుని మళ్ళీ బండ్లు చేయిస్తున్నారట. అమ్మే కుర్రాడు బయటికొచ్చి, ఒకసారి కూర్చుని చూడండి అంకుల్ అన్నాడు మర్యాదగా. నేను కూర్చోలేదు. ఆ పేరున్న పాతబండి వెనక సీటు మీద నెలల తరబడి ఉప్పల్ నుంచి నాచారం దాకా రోజూ కూర్చున్నవాణ్ణి. ముందు సీటు మీద కూర్చున్న మనిషికి నేను చేసిన పని గుర్తొచ్చి అద్దం ముందునుంచి పక్కకు జరిగాను.

డెబ్భైల మొదట్లో సంగతి. పాలిటెక్నిక్ ముగించి కోస్తా నుంచి వచ్చిన నాకు నాచారంలో ఒక రేకుల షెడ్డులో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది. దక్షిణాదిలో మోటారు సైకిళ్ళు చేసే ఒక పెద్ద కంపెనీకి, గేరు పెట్టెలో వేసే ఉక్కు పిన్నులు మా షెడ్డు నుంచి వెళ్ళేవి. నా ఉద్యోగం పేరు పెద్దదే గానీ, చేసేదల్లా ప్రతి పిన్నునూ రింగు గేజిలో పెట్టి చూడటం. గేజి అంటే అచ్చు కొలతకు చేసిన ఉక్కు ఉంగరం. పిన్ను అందులోంచి నున్నగా జారితే సరైనది, అడ్డుపడితే లావైనది, వదులుగా ఆడితే సన్ననిది. ఏడాది దాకా ప్రొబేషను, ఆ పైన పర్మనెంటు.

ఆ పిన్నులను లేతు మీద, అంటే ఉక్కు కడ్డీని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం మీద, తీసే టర్నరు ఇంట్లోనే, ఉప్పల్‌లో, నేను అద్దెకుండేవాణ్ణి. నేను ఆయన్ని మామ, ఆయన భార్యను అత్త అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకు కూతుళ్ళు లేరు కనుక ఆ పిలుపులతో ఎవరికీ చిక్కు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన ఇంగ్లండు బండి ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాని మీద నన్ను ఎక్కించుకుని దారి పొడుగునా కంపెనీల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఫలానావాళ్ళు ముందుగాల తుపాకులు జేసిన్రు, ఇంకొకళ్ళు కుట్టు సూదులు జేసిన్రు, సూదులు జేసిన చెయ్యికే ఇంజను జేసుడు తెలుస్తది అల్లుడా, అనేవాడు. ఇంగ్లండు కంపెనీ యంత్రాలు మద్రాసుకు ఎలా వచ్చాయో, చెక్ దేశపు బండి మైసూరులో ఎలా తయారవుతోందో, మన పెద్దవాళ్ళు పెళ్ళి సంబంధాల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. జపానువాళ్ళ దెబ్బకు తన బండి కంపెనీ మూతపడిందని తెలిసినరోజు అన్నం ముట్టలేదు. ఇక విడిభాగాలు దొరకవు కదా మామా అంటే, ఫికర్ ఎందుకు, లేతు ఉన్నది, నా చెయ్యి ఉన్నది, అన్నాడు. అన్నట్టే, అరిగిపోయిన ప్రతి ముక్కనూ షెడ్డు యజమాని సేటును అడిగి మధ్యాహ్నం తీరికలో తనే తీసుకునేవాడు. ఆ చెయ్యంటే షెడ్డులో అందరికీ గౌరవం.

ఆ ఏడు దసరాకు ఆయుధ పూజ చేశాం. లేతులకు బంతిపూల దండలు వేశారు, స్పానర్లకు బొట్లు పెట్టారు. నాకు ఆయుధమంటే గేజే కనుక, భక్తి కొద్దీ దానికి లోపలా బయటా పసుపూ గంధమూ చిక్కగా పులిమాను. పాతవాళ్ళు గేజి పెట్టె మీద మాత్రమే బొట్టు పెడతారని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్ళీ పని మొదలైన రోజు గుడ్డతో తుడిచి, శుభ్రమైందనుకున్నాను.

మొదటి పిన్నే అడ్డుపడింది. రెండోదీ అంతే. వెంట్రుకవాసి లావున్నాయి మామా అన్నాను. "గట్లెట్ల అయితది?" అంటూ ఆయన పిన్నును చొక్కాకు తుడిచి తనే పెట్టి చూశాడు. జారలేదు. కాసేపు రింగు వంకా, తన వేళ్ళ వంకా చూసుకుని, "చెయ్యి తప్పుతదేమో గాని గేజి తప్పదు గద," అని పెట్టెడు పిన్నులనూ మళ్ళీ లేతుకు ఎక్కించి, ఒక్కొక్కదాన్నీ వెంట్రుకవాసి తగ్గించాడు. ఇప్పుడు అన్నీ నున్నగా జారాయి. నేను ముద్ర వేసి పంపేశాను.

నాలుగు రోజుల తరవాత గేజిని కిరసనాయిల్లో ముంచితే పసుపు రంగు తేలింది. లోపలి అంచున ఎండి అంటుకుపోయిన పొర అది. లావైనవి పిన్నులు కావు, ఇరుకైంది నా గేజి. పెద్ద కంపెనీకి ఒక్క టెలిగ్రాం ఇస్తే ఆ పిన్నులు బండ్లలోకి ఎక్కకుండా ఆగిపోయేవి. ఇవ్వలేదు. ప్రొబేషను పోతుందని భయం. వాళ్ళు కనిపెట్టరేమోలే అని వెధవ ఆశ.

కంపెనీ నుంచి పెట్టె తిరిగొచ్చింది. పిన్నులన్నీ వదులేనట. సేటు మా ఇద్దరినీ పిలిచి మా ముందే గేజిలో పెట్టి చూపించాడు, పిన్ను అందులో గలగలా ఆడింది. గేజి శుభ్రంగా ఉంది మరి, శుభ్రం చేసింది నేనే కదా! కొత్తోడివి, నీకేం తెలుసు, అని నన్ను తిట్లతో వదిలేశాడు. మామను తిట్టను కూడా లేదు. "కండ్లు మసకవడ్డయి, ఇగ లేతు ముట్టకు, ప్యాకింగు కాడ కూసో," అన్నాడు నెమ్మదిగా. చెప్పు, ఇప్పుడైనా చెప్పు, అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు, నేను గేజిని పెట్టెలో పెట్టి మూత వేశాను. మామ తలవంచుకుని, "ఎక్కువ తీసిన సేటూ, చెయ్యి ఆగలే," అన్నాడు.

ఆ సాయంత్రం అత్త జొన్నరొట్టెలు పెట్టింది. మామ తినకుండా, రెండు చేతులూ నా ముందు చాపి వేళ్ళు విప్పాడు. "జర సూసి నిజం జెప్పు అల్లుడా, వణుకుతున్నయా?" అని అడిగాడు. నేను చూశాను. "కొద్దిగా, మామా. వయసు కదా," అన్నాను. ఛీ, ఆయన ఇంటి రొట్టె నా చేతిలో పట్టుకునే అన్నాను ఆ మాట.

తరవాత మామ బండిలో ఏదో బుష్షు, ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం, అరిగింది. బజారులో దొరకదు, లేతు ముట్టే వీలు లేదు. బండి గోడవారగా నిలబడిపోయింది, మామ టిఫిను డబ్బా పట్టుకుని ఉప్పల్ నుంచి నాచారం నడవడం మొదలుపెట్టాడు. నేను పర్మనెంటు అయ్యాక, బస్సు సౌకర్యమని సాకు చెప్పి అంబర్‌పేటకు గది మారాను. వెళ్ళేటప్పుడు అత్త రొట్టెలు కట్టిచ్చింది. బండిని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారని విన్నాను. ఆయన పోయినప్పుడు పూలదండ వేసి, అత్తకు ముఖం చూపించలేక వెంటనే వచ్చేశాను.

ఇప్పటికీ దసరాకు మా ఇంట్లో కత్తిపీటకు పసుపు పెడితే, హారతి అయ్యీ కాకముందే తుడిచేస్తాను. అంత తొందరేమిటని మా ఆవిడ కసురుతుంది, ఇన్నేళ్ళలో ఆమెకూ చెప్పలేదు. నాచారంలో ఆ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మందుల గోడౌను ఉంది. ఇప్పటి యంత్రాలు తమ పని తామే కొలుచుకుంటాయట, ఎవరి చేతినీ ఎవరూ అనుమానించనక్కర లేదు. చచ్చిపోయిన కంపెనీకి కూడా, డబ్బున్నవాడు తలచుకుంటే పేరు తిరిగొస్తోంది. మామ చేతికి పోయిన పేరు తిరిగి తేవడానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఒక్క మాట చాలేది. ఆ మాట నా ఒక్కడి దగ్గరే ఉండేది. వినవలసినవాళ్ళు ఎవరూ మిగలని ఈ రోజున చెబుతున్నాను: ఆ సాయంత్రం ఆయన చేతులు వణకలేదు.